రోలు నిండిన వాన

మా ఇంట్లో వానను చేత్తో కొలిచేవాళ్లు. కొలిచేది మా అవ్వ, అంటే మా నాయన తల్లి. ధర్మవరంలో మా ఇంటి పెరట్లో, వడ్లు దంచే పెద్ద రాతి రోలు ఒకటి మెడ దాకా నేలలో పాతి ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే దాంట్లో దంచడం మానేశారు. వాన పూర్తిగా వెలిసినాక అవ్వ దాని పక్కన గొంతుకూర్చుని లోపల చెయ్యి పెట్టేది. వేళ్లు మునిగితే వేళ్ల వాన. అరచెయ్యి దాటితే మణికట్టు వాన. మోచెయ్యి దాకా వచ్చిందంటే మంచి వాన, ఆ పూట ఇంట్లో ఎవరు ఏం తప్పు చేసినా తిట్లు ఉండవు. రోలు నిండి పొర్లిన వాన మాత్రం ఏళ్లకొకసారి వస్తే వచ్చినట్టు. కొలిచినాక కొబ్బరి చిప్పతో ఆ నీళ్లు తోడి దానిమ్మ చెట్టు మొదట్లో పోసి, పాత గుడ్డతో లోపలంతా తుడిచి, తరువాతి వానకు రోలును సిద్ధం చేసేది. అందులో ఆకు పడనిచ్చేది కాదు. కోడి వచ్చి ముక్కు పెడితే ఆ కోడికి ఆ రోజు గింజలు లేవు.

ఇంత పట్టింపంతా మా బావి కోసం. మా నాయనది పట్టుకు రంగు వేసే పని. షావుకార్లు పచ్చి పట్టు తెచ్చి ఇచ్చేవాళ్లు. దాన్ని పెద్ద రాగి కాగుల్లో సబ్బు నీళ్లతో ఉడకబెట్టి జిగురు తియ్యాలి, ఉతకాలి, రంగులో ముంచాలి, మళ్లీ ఉతకాలి, ఆరబెట్టి చిలపలు, అంటే పోగుల కట్టలు, చుట్టి ఇవ్వాలి. మొదటి నుంచి చివరి దాకా నీళ్లతోనే పని. ఆ నీళ్లు కూడా తియ్యటివి కావాలి. ఉప్పు నీళ్లలో సబ్బు నురగ కట్టదు, విరిగిపోయి తెట్టుగా తేలుతుంది. పట్టు మీది జిగురు పూర్తిగా వదలదు. వదలని చోట రంగు ఎక్కదు. ఊళ్లో సగం బావులు ఉప్పటివో వగరువో. మా బావి నీళ్లకు మంచి పేరుండేది, ఆ పేరుతోనే మా కాగుల కింద మంట వెలిగేది. తాగే నీళ్లకు వీధిలో ఆడవాళ్లందరూ మా పెరట్లోకే వచ్చేవాళ్లు. పొద్దున్నే గిలక చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది.

ఆ బావి మా తాత తవ్వించింది. మంచి ఊట తగిలినాక, ఇంకాస్త దిగితే నీళ్లు దండిగా వస్తాయని ఆశపడ్డారట. దిగితే అడుగున సుద్దలాంటి మెత్తని పొర కనిపించింది. ఆ తడిని వేలికి తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. తాత అంతటితో గడ్డపారలు పైకి చేర్పించి, ఆ పొర మీద బంకమట్టి మందంగా మెత్తించి, దానికి మనిషి ఎత్తు పైన బావి గోడలో ఒక తెల్లరాయి పెట్టించాడు. నీళ్లు తెల్లరాయికి పైన ఉన్నన్నాళ్లు ఎంతైనా తోడుకోవచ్చు. రాయి బయటపడితే కాగులు దించెయ్యాలి, తాగడానికి తప్ప చేద వెయ్యకూడదు. పైనున్న మంచి నీళ్ల బరువే కింది ఉప్పును అణిచిపెడుతుందని అవ్వ చెప్పేది. తాత పోయినాక ఆ రాయికి కాపలా ఆమెదే. రోలు ఎంత నిండిందో, ఆ తరువాత కొన్నాళ్లకు బావిలో నీళ్లు ఎంత పైకి వచ్చాయో ఆమెకు నోటికి వచ్చు. రోలు చూసి, ఎంత పట్టు ఒప్పుకోవచ్చో నాయనకు చెప్పేది. నాయన ఎదురు చెప్పేవాడు కాదు, ఎందుకంటే ఆమె చెప్పింది ఎప్పుడూ తప్పలేదు.

తరువాత అవ్వ కండ్లకు పొరలు కమ్మాయి. వెలుగూ చీకటీ తెలిసేవి, అంతే. అయినా కొలత ఆగలేదు. వానను కండ్లతో ఎవరు కొలుస్తారు, చెయ్యి ఉంటే చాలదా అనేది. గోడ తడుముకుంటూ పోయి, రోటి దగ్గర కూర్చునేది.

ఆమెకు చూపు పోయిన ఏడే అనుకుంటాను, నాయన మిద్దెకు కొత్త దోనె పెట్టాడు. మాది మట్టి మిద్దె. దాని మీద పడిన వాన నీళ్లు కిందికి దూకడానికి అంచున ఒక గొట్టం ఉంటుంది, దాన్నే దోనె అనేవాళ్లం. పాత దోనె మట్టిది, పొట్టిది. దాని నీళ్లు గోడ వెంబడే జారి వచ్చి కాగు పొయ్యిలో పడేవి. పట్టు సగం ఉడికే వేళకు పొయ్యి ఆరిపోతే ఆ పట్టు పనికిరాదు. అందుకని నాయన, రంగు పొడి వచ్చే రేకు డబ్బాలు ఖాళీవి కత్తిరించి, చుట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, బారెడు పొడవు దోనె చేసి బిగించాడు. చిన్న వానలకు దాని నీళ్లు కింది బండ మీద పడి కాలువలోకి పోయేవి. అమ్మ తన పొయ్యి బతికిందని సంతోషపడింది. బాగుందని అందరం అనుకున్నాం. అవ్వ చేతికి అందని ఎత్తులో ఉండేది అది.

అవ్వకు పెనుకొండలో ఒక తమ్ముడు ఉండేవాడు, సర్కారు కచేరీలో బంట్రోతు. అక్కడి ఆవరణలో వాన కొలిచే పాత్ర ఒకటి ఉండేది. పొద్దున దాంట్లోని నీళ్లను కొలత గాజులో పోసి గుమాస్తాకు చూపించడం ఆయన పనుల్లో ఒకటి. మా ఇంటికి వచ్చినప్పుడల్లా అక్కాతమ్ముళ్లకు ఈ విషయంలోనే వాదన.

“మా పాత్రకు సుట్టూ కంచె ఉండాదక్కా,” అన్నాడొకసారి. “గోడకు దూరంగా, చెట్టుకు దూరంగా, నట్టనడుమ పెట్టినారు. దాని దగ్గరికి ఎవుర్నీ పోనియ్యరు.”

“కొత్త పెండ్లికూతురేమిరా, అట్ల దాసి పెట్టేకి? నా రోలుకు కంచె లేదు, కాపలా లేదు. వానే దాన్ని ఎతుక్కుంటా వస్తాది.”

“అట్లయితే నీ రోలుకు జీతం ఇయ్యమని మా దొరతో చెప్తాలే.”

“రోలుకేమిటికి? నాకియ్యమను. నువ్వు గాజులో పోసి చూసే లోపల నేను లెక్క చెప్పేసింటా.”

ఆయన నవ్వి, ఊరిబిండి నంజుకుంటూ సంగటి తిని, రైలుకు వెళ్లిపోయాడు. ఆయన మాట మళ్లీ మా ఇంట్లో తలుచుకోవలసి వస్తుందని ఆ రోజు ఎవరికి తెలుసు.

యుద్ధం వచ్చిందన్న సంగతి మా వీధికి రంగు డబ్బాల వల్లే తెలిసింది. సముద్రం దాటి వచ్చే డబ్బాలు ఆగిపోయాయి. హిందూపురం అంగళ్లలో అడిగినా, ఇంకెక్కడ అడిగినా ఎర్ర రంగు లేదు. నాయన దగ్గర ముందే కొని పెట్టుకున్న కొన్ని డబ్బాలు అటక మీద ఉండేవి. అవి అయిపోతే ఎరుపు ఇంక లేదు. దానికి తోడు ఆ రెండేళ్లు వానలు సరిగా పడలేదు. బావిలో నీళ్లు తెల్లరాయిని దాదాపు తాకుతున్నాయి. అవ్వ కాగులు దింపించింది. మా ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలిగేది.

అట్లాంటి రోజుల్లో ఒక షావుకారు బండెడు పచ్చి పట్టు తెచ్చాడు. పెండ్లిండ్ల చీరలకట, మొత్తం ఎరుపే కావాలి. ఊళ్లో ఎర్ర రంగు మిగిలింది నాయన దగ్గరే అని, మా బావి నీళ్లు మంచివని తెలిసి వచ్చాడు. ఈ ఒక్క పని నిలబెట్టుకుంటే యుద్ధం అయిపోయేదాకా ఆయన తన పట్టంతా మాకే ఇస్తానన్నాడు. లేదంటే వేరే దారి చూసుకుంటానన్నాడు. నాయన ఆ పట్టును లోపల పెట్టించి అవ్వ దగ్గర కూర్చున్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. రోలు నిండాల, అప్పుడు చూద్దాం అంది. నాయన సరేనని లేచి, రోజూ సాయంత్రం మిద్దెక్కి మబ్బుల కోసం చూసేవాడు. కింద అమ్మ, ఆయన దిగి వచ్చే తీరును బట్టి రేపటికి ఎన్ని రాగులు విసరాలో ఆలోచించుకునేది.

ఎండాకాలం చివర ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. గాలీ ఉరుములతో విరుచుకుపడి, ఎంతోసేపు కాకుండానే వెళ్లిపోయింది. వీధిలో ఎర్ర నీళ్లు పారాయి. చుక్కలు ఆగీ ఆగకముందే నాయన అవ్వ చెయ్యి పట్టుకుని రోటి దగ్గరికి తీసుకుపోయాడు. అవ్వ కూర్చుని చెయ్యి పెట్టింది. మోచెయ్యి మునిగింది. అంచు తడిమింది. నీళ్లు అంచు దాటి పక్కకు కారుతున్నాయి. ఆమె ఆ తడి చేతిని నాయన తల మీద పెట్టింది.

“పొర్లుతాండాదిరా,” అంది. “కాగులు ఎక్కించుకో పో.”

నాయన పరుగెత్తినట్టే లోపలికి పోయాడు. అమ్మ ఆ రాత్రి చాన్నాళ్లకు అన్నం వండింది.

పని మొదలైన ఒకటి రెండు రోజులకు, రామగిరి దారిలోని పల్లె నుంచి కట్టెలు తెచ్చే ఆమె వచ్చింది. కట్టెల మోపు దించి, ఎప్పటిలాగా నీళ్లు తాగి, వాన సంగతి ఎత్తింది. తమ చేలో మడక కట్టి దున్నితే జానెడు కూడా తడి లేదని, శెనక్కాయ విత్తడానికి పదును చాలలేదని చెప్పింది. పైపైన పారిపోయింది గాని నేల తాగలేదంది. అవ్వ నవ్వింది. వాన దారికి ఒక పక్క పడి ఇంకో పక్క పడకుండా పోయేది కొత్తా ఏమిటని, మీ పల్లె మీద దానికి కోపమేమోనని ఆటపట్టించింది. ఆమె కూడా నవ్వి, కోపమే అవ్వా, మా మీద అందరికీ కోపమే అని మోపు విప్పింది. నాయన ఆ మాటలు విన్నాడు. అయితే ఆయనకు తల్లి చెయ్యి ఒక్కటే లెక్క.

పట్టు మొత్తం ఒకేసారి నానబెట్టారు. ఎండ మంచిగా ఉన్నప్పుడే ముగించాలని నాయన తొందర. గిలక పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండేది. నీళ్లు దిగిపోతున్నాయి. తెల్లరాయి బయటపడింది. అమ్మ చూసి వచ్చి చెప్పింది. నాయన అవ్వను అడిగాడు. అవ్వ కంగారు పడలేదు. రోలు నిండిన వాన ఎక్కడికీ పోదని, నేలలో దిగి రావడానికి కొన్నాళ్లు పడుతుందని చెప్పింది. వాన దావలో ఉండాది అంది, దారిలో ఉందని. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. మేమందరం రోజూ బావిలోకి తొంగి చూసేవాళ్లం, ఊరి నుంచి చుట్టం వస్తానని కబురు పంపితే వీధి చివరకు చూసినట్టు.

వాన రాలేదు. నీళ్లు అడుగంటాయి. చేదలో బురద వచ్చింది. కాగుల్లో ఉడికిన పట్టు తడిగా ఉంది, దాన్ని అట్లాగే వదిలితే కుళ్లిపోతుంది. పట్టు షావుకారుది. నాయన ఇంక ఆగలేక పూడిక తీసేవాళ్లను పిలిపించాడు. అడుగున చేరిన ఒండ్రు తీస్తే ఊట బాగా వస్తుందని ఆయన ఆశ. అవ్వ బావి గట్టు మీద కూర్చుని, బంకమట్టి దాకా పోవద్దు, బంకమట్టి దాకా పోవద్దు అని లోపలికి వినపడేలా చెబుతూనే ఉంది. నానిన ఒండ్రుకూ నానిన బంకమట్టికీ ఆ చీకట్లో తేడా ఎట్లా తెలుస్తుంది. వాళ్లు తట్టలు నింపి పంపుతూ ఉన్నారు. ఉన్నట్టుండి కింద నుంచి కేక వినపడింది. నీళ్లు పడ్డాయని.

నిజంగానే పడ్డాయి. మనుషులు పైకి ఎక్కేసరికి మోకాలు దాకా వచ్చాయట. మరునాటికి తేటగా, అద్దంలా నిలిచాయి. నాయన ఆ రోజు వీధిలో అందరికీ బెల్లం పంచాడు. అవ్వ మాత్రం నీళ్లు అడిగి నోట్లో పోసుకుని చాలాసేపు పుక్కిలించి ఉమ్మింది. కొత్త ఊట కదా, మట్టి వాసన ఉంటుందిలే అని అమ్మ అంది.

ఆ రోజు మధ్యాహ్నం పప్పుకని పొయ్యి మీద పెట్టిన కందిబేడలు ఉడకలేదు. అమ్మ కట్టెల మీద కట్టెలు పెట్టింది. బేడలు పగలవు, మెత్తబడవు, రాళ్లలాగే ఉన్నాయి. పాత బేడలు అంటగట్టాడని అంగడివాణ్ణి తిట్టుకుంది. అవ్వ వసారాలో కూర్చుని వింటోంది.

“బేడలను ఏమనొద్దు,” అంది నెమ్మదిగా. “ఉడకవు లే, దించెయ్.”

“ఎందుకుడకవత్తా?”

“ఆ నీళ్లలో ఉడకవు.”

అమ్మ గరిటె అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. పెరట్లో నాయన ఆ నీళ్లతోనే పట్టు ఉతుకుతున్నాడు.

కాగులో సబ్బు విరిగి తెల్లటి తెట్టు తేలింది. నాయన ఇంకా సబ్బు వేశాడు. రంగు కలిపాడు, ఉన్న డబ్బాలన్నీ. ఆరేసినాక చూస్తే, చిలపల మీద ఒక చోట నెత్తురు ఎరుపు, ఒక చోట పాలిపోయిన గులాబి, మధ్య మధ్య అసలు రంగే ఎక్కని తెల్లటి మచ్చలు. మళ్లీ ముంచడానికి రంగు లేదు. షావుకారు వచ్చి ఒక చిలప తీసి ఎండకు పట్టుకుని చూశాడు. కోప్పడి ఉంటే బాగుండేదని అమ్మ తరువాత అనేది.

“ఏమప్పా, నీ బావి నీళ్లని వచ్చినాను గదా,” అన్నాడంతే. ఆ చిలపను తిరిగి దండెం మీద వేసి వెళ్లిపోయాడు.

ఆ తరువాత మా ఇంటికి పట్టు రాలేదు. వీధి ఆడవాళ్లు కొన్నాళ్లు అలవాటు కొద్దీ వచ్చి, ఒక చేద తోడి, నోట్లో వేసుకుని, కడవ ఒంపేసి వెళ్లిపోయేవాళ్లు. తరువాత రావడం మానేశారు. అందరూ చిత్రావతి ఇసుకలో చెలమలు తవ్వి, గిన్నెతో తోడి, కడవలు మోసుకొచ్చేవాళ్లు. మా అమ్మ కూడా వాళ్లతోనే. నీళ్లున్న ఇంటి కోడలు అని ఒకప్పుడు ఆమెకు వీధిలో గౌరవం ఉండేది. ఇప్పుడు చెలమ దగ్గర వంతు వచ్చేదాకా అందరి వెనక నిలబడేది.

అవ్వకు అర్థం కానిది ఒక్కటే. రోలు నిండిన వాన ఏమైంది? బంకమట్టికి చిల్లు పడింది సరే, ఆ చిల్లు పడే అవసరమే రాకూడదు కదా. అంత వాన పడితే బావి ఎందుకు లేవలేదు? ఎప్పుడూ అదే ఆలోచన. ఒకటే ఆశ, ఇంకొక పెద్ద వాన పడితే మంచి నీళ్ల బరువుకు ఉప్పు దిగిపోతుందని.

ఆ వాన వచ్చింది. ఈసారి అవ్వ వెలిసే దాకా ఆగలేదు. అమ్మ వద్దంటున్నా వినకుండా, గోడ తడుముకుంటూ వానలోనే పెరట్లోకి పోయింది. నాయన గోనెపట్ట నెత్తిన వేసుకుని వెనక పరుగెత్తాడు. నేను గడప దగ్గర నిలబడి చూస్తున్నాను. అవ్వ రోటి పక్కన కూర్చుని చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి పెట్టినట్టే ఉంది. ఆమె తల మెల్లగా ఒక పక్కకు తిప్పింది. చెయ్యి పైకెత్తి గాలిలో అటూ ఇటూ ఆడించింది. ధార ఒకటి వచ్చి ఆమె అరచేతిని కొడుతోంది.

“ఒరే,” అంది. “వాన పైనుంచి గదా పడాల. ఈ నీళ్లు పక్క నుంచి వస్తాండాయి. యాడివి ఇవి?”

నాయన తలెత్తి చూశాడు. మిద్దె మీది నీళ్లన్నీ ఆ పొడుగాటి రేకు దోనెలో చేరి, వాన జోరుకు వంగి దూకి, సరిగ్గా రోటి నోట్లో పడుతున్నాయి. చిన్న వానలకు బండ మీద పడే ధార, పెద్ద వానకు అంత దూరం దూకుతుందని ఎవరం అనుకోలేదు. ఇంట్లో కండ్లున్న వాళ్లందరం ఆ దోనెను రోజూ చూశాం, రోలునూ రోజూ చూశాం.

“దోనె నీళ్లమ్మా,” అన్నాడు నాయన. ఆయన గొంతు వానలో సరిగా వినపడలేదు. మళ్లీ చెప్పాడు. “మిద్దె దోనె నీళ్లు.”

అవ్వ కొంతసేపు ఆ ధార కింద చెయ్యి అట్లాగే పెట్టుకుంది.

“అయితే ఆ పొద్దు నేను కొల్చింది వానను కాదు,” అంది. “మన మిద్దెను.” చెయ్యి దించి, “మా తమ్ముని పాత్రకు కంచె ఏమిటికో అనుకుంటి,” అంది.

నాయన ఆమెను లేపి లోపలికి తెచ్చాడు. ఆమె తడి చీర మార్చుకోనంది. ఆయన ఎదురుగా కూర్చున్నాడు. దోనె పెట్టింది తనే అని ఆయన అనలేదు, కాగులు ఎక్కించమంది తనే అని ఆమె అనలేదు. బయట రోలు నిండి పొర్లుతూనే ఉంది.

నాయన ఆ ఏడే ఇంకొకరి అద్దకపు కొట్టంలో కూలికి చేరాడు. అక్కడ కాగులు వాళ్లవి, బావి వాళ్లది. సాయంత్రం చేతులకు వాళ్ల రంగుతో వచ్చేవాడు, కడుక్కోవడానికి చెలమ నీళ్లు ఒక ముంత మాత్రమే ఇచ్చేది అమ్మ. ఆ రంగు పూర్తిగా పోయేది కాదు. మా రాగి కాగులు బోర్లించి పెట్టినవి పెట్టినట్టే ఉండి, తరువాత ఒకటొకటిగా ఇల్లు దాటాయి. దోనె మాత్రం ఎవరూ తియ్యలేదు. తియ్యబోతే అవ్వ వద్దంది. పొయ్యిలోకి నీళ్లు రాకుండా ఉండాలి కదా అంది, ఆ పొయ్యిలో ఇంక నిప్పు లేదని తెలిసీ.

ఆమె మళ్లీ రోట్లో చెయ్యి పెట్టలేదు. ఆకులు పడ్డాయి, కోళ్లు తాగాయి, వాటికి గింజలు ఆపలేదు. వానలు పడినప్పుడు వసారాలో గోడకు ఆనుకుని ఊరికే వినేది. కొన్నేళ్లకు మంచి వానలే పడ్డాయి. బావిలో నీళ్లు తెల్లరాయి దాటి పైకి వచ్చాయి. ఉప్పు దిగిందేమో చూడాలని ఏటా వానలు ముగిసినాక ఒక పని మాత్రం చేయించేది. అమ్మను పిలిచి, బావిలో ఒక ముంత నీళ్లు తోడి, చిన్న కుండలో గుప్పెడు కందిబేడలు వేసి పొయ్యి మీద పెట్టమనేది. మాకు లేని ఆ రోజుల్లో గుప్పెడు బేడలు కూడా ఎక్కువే, అయినా అమ్మ కాదనేది కాదు. అవ్వ పొయ్యి వైపు ముఖం పెట్టి కూర్చునేది. నీళ్లు తెర్లే చప్పుడు వినేది.

“ఉడికినాయా?”

“ఇంకా లేదత్తా.”

ఇంకొంచెం సేపు చూడమనేది. అమ్మ ఇంకో కట్టె పెట్టేది. చివరికి ఆ బేడలను వార్చి కోళ్లకు వేసేవాళ్లం. అవ్వ మంచాన పడిన ఏడు కూడా ఆ కుండ పొయ్యి మీదికి ఎక్కింది. అడిగింది. అమ్మ ఒక బేడను వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూసింది. అది నలగలేదు. ఉడికాయని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది, ఆ ముసలామె సంతోషంగా కండ్లు మూసేది. అమ్మ ఆ మాట కోసం నోరు తెరవడం నేను చూశాను. కానీ అవ్వ చెయ్యి చాచింది. అమ్మ ఆ బేడను తీసుకుపోయి ఆమె అరచేతిలో పెట్టింది. అవ్వ దాన్ని బొటనవేలితో అటూ ఇటూ దొర్లించి చూసి, గుప్పిట మూసుకుంది.